గుడ్డు పెట్టేది వనరాజా, పొదిగేదెవరు?

విశాఖ జిల్లా పద్మనాభం దగ్గర ఊళ్లో ఉండే మా పెద్దమ్మకి రెండేళ్లుగా ఒకే సందేహం. బండి వెనక ప్లాస్టిక్ ట్రేలు కట్టుకుని, రంగురంగుల కోడిపిల్లలు అమ్ముకుంటూ వచ్చినతని దగ్గర ఐదు కొంది. "వనరాజా అమ్మా, నాటుకోడి లాంటిదే" అన్నాడట. రెండు పుంజులయ్యాయి, మూడు పెట్టలయ్యాయి. ఆరో నెల దాటగానే పెట్టలు గుడ్లు మొదలెట్టాయి. గుడ్డు పెద్దది, లేత గోధుమ రంగు. ఆవిడ సంతోషంగా గంపలో గడ్డి వేసి, పన్నెండు గుడ్లు పేర్చి, పెట్ట వచ్చి కూర్చుంటుందని చూసింది. అది మర్నాడు వచ్చి ఇంకో గుడ్డు పెట్టి దిగిపోయింది.

"ఏటి బాబూ, ఏడాదికి వంద గుడ్లెడతాదన్నారు, పెడతంది. ఒక్కపాలైనా పొదగదేటి?" అని అడుగుతుంది నన్ను.

ఈ ప్రశ్న వెనకే మొత్తం విషయం ఉంది. భీమిలి, ఆనందపురం, పద్మనాభం వైపు ఊళ్లలోనూ, పైన పాడేరు, అరకు కొండల్లోనూ ఈ రంగు కోళ్లు బాగా పెరిగాయి. దేశమంతా అంతే. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఉన్న 85 కోట్ల కోళ్లు తదితర పక్షుల్లో 31 కోట్లకు పైగా పెరట్లో పెరిగేవే. 2012 నాటి లెక్కతో పోలిస్తే పెరటి సంఖ్య దాదాపు 46 శాతం పెరిగింది. కానీ పేర్లు, ఆశలు, లెక్కలు బాగా కలగాపులగమైపోయాయి. ఒకరు "నాటుకోడే" అంటారు, ఇంకొకరు "ఇది బ్రాయిలర్‌కి రంగేసినట్టే" అంటారు. రెండూ కాదు.

నాటు, జాతి, మెరుగైన కోడి అంటే ఒకటి కాదు

నాటుకోడి అన్నది సంత మాట. ఊళ్లో తరతరాలుగా తిరుగుతూ, ఎవరూ ప్రత్యేకంగా జతకట్టించకుండా పుట్టుకొచ్చిన కోళ్లన్నిటినీ కలిపి నాటు అంటాం. ఒకే గూట్లో నల్లది, ఎర్రది, మెడ మీద ఈకలు లేనిది, కురచ కాళ్లది ఉంటాయి.

జాతి అంటే వేరు. ఒకే లక్షణాలు తరం నుంచి తరానికి నిలకడగా వచ్చేది. మన ఆంధ్ర నేలకు చెందిన అసీల్ అలాంటిది: పొడుగు కాళ్లు, బిగువైన ఒళ్లు, పందెం కోడిగా పేరు. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు కడక్‌నాథ్ కూడా జాతే. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. చాలామంది కడక్‌నాథ్‌ని కూడా "మెరుగైన కోడి" లెక్కలో వేస్తారు. కాదు, అది పూర్తిగా దేశవాళీ.

మెరుగైన కోడి అంటే పరిశోధన కేంద్రంలో వేర్వేరు లైన్లను (కోళ్ల వంశాలను) ఏళ్ల తరబడి ఎంపిక చేసి, వాటిని కలిపి తయారుచేసిన సంకరం. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ ఉంది. 1988లో మొదలైంది. వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి అక్కడ పుట్టినవే. గిరిరాజా బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయానిది. కురాయిలర్ ఒక ప్రైవేటు సంస్థది. వీటన్నిటికీ ఉమ్మడి లక్ష్యం ఒకటే. రంగు ఈకలు ఉండాలి, పెరట్లో తిరిగి తినగలగాలి, నాటుకోడి కంటే ఎక్కువ గుడ్లు పెట్టాలి, తొందరగా బరువు రావాలి. రంగు ఈక అందం కోసమే కాదు. తెల్లకోడి గద్ద కంటికి దూరం నుంచే పడుతుంది, గోధుమ నలుపు కలిసిన ఒళ్లు మట్టిలో గడ్డిలో కలిసిపోతుంది. పైగా అమ్మవారి పండక్కి మొక్కుకున్నవాళ్లు తెల్ల ఫారం కోడిని పట్టుకెళ్లరు.

అంకెల్లో చూస్తే తేడా ఇలా ఉంటుంది. నాటుపెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు. వనరాజా పెరట్లో 100 నుంచి 110. గ్రామప్రియ గుడ్ల వైపు మొగ్గు ఉన్నది కాబట్టి 150 దాటుతుంది. గుడ్ల కోసమే కేజ్‌లో పెంచే ఫారం కోడి, అంటే లేయర్, 300 పైనే. బరువు సంగతికొస్తే బ్రాయిలర్ ఆరు వారాల్లో రెండు కిలోలు దాటుతుంది, వనరాజా పుంజుకి ఆ బరువు రావడానికి ఐదారు నెలలు పడుతుంది. అంటే ఇది రెండు చివర్లకీ మధ్యలో నిలబడ్డ కోడి.

నాటుపెట్ట యాభై గుడ్లతో ఎందుకు ఆగిపోతుంది

చాలామంది దీన్ని నాటుపెట్ట బద్ధకం అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఒకసారి కాగితం మీద రోజులు లెక్కేసి చూస్తే ఆ పెట్ట మీద గౌరవం కలుగుతుంది.

ఒక విడతలో అది 14 గుడ్లు పెడుతుందనుకుందాం. రోజూ పెట్టదు, మూడు రోజులకి రెండు చొప్పున వేసుకుంటే సుమారు 20 రోజులు. తర్వాత 21 రోజులు కదలకుండా పొదుగుతుంది. ఆ రోజుల్లో తిండికి కూడా కాసేపే దిగుతుంది. పిల్లలు వచ్చాక మరో రెండు నెలలు వాటిని వెంటేసుకుని తిప్పుతుంది, రెక్కల కింద పెట్టుకుంటుంది, గద్ద నీడ పడితే అరుస్తుంది, పిల్లి మీదకి ఎగురుతుంది. ఇరవై, ఇరవయ్యొకటి, అరవై. దగ్గర దగ్గర వంద రోజులు. ఏడాదిలో ఇలాంటివి మూడున్నర చుట్లు పడతాయి. 14 గుడ్ల చొప్పున వేస్తే దాదాపు 50.

అంటే ఆ పెట్ట ఏడాదిలో డెబ్బై రోజులే గుడ్లు పెట్టే పనిలో ఉంది. మిగతా దాదాపు మూడొందల రోజులు గుడ్లు పొదిగించే హేచరీ పని, హీటరు పని, కాపలా పని చేస్తోంది. జీతం లేదు, కరెంటు బిల్లు లేదు.

ఇప్పుడు వనరాజా దగ్గరికి రండి. గుడ్లు పెంచాలంటే పొదిగే గుణాన్ని తగ్గించాలి. పొదుగు మీద కూర్చున్న కోడి గుడ్లు ఆపేస్తుంది. అందుకని ఎంపిక చేసేటప్పుడు పొదుగుకి రాని కోళ్లనే తరం తర్వాత తరం ముందుకి తెచ్చారు. మా పెద్దమ్మ పెట్టకి రోగం లేదు, మోసం కూడా జరగలేదు. దాని వందో గుడ్డు, అది పొదగకపోవడం రెండూ ఒకే నిర్ణయం వల్ల వచ్చినవి. కాకపోతే బండి మీద అమ్మేటప్పుడు మొదటిది చెబుతారు, రెండోది చెప్పరు.

నాటుపెట్ట నాలుగు పనులు చేసేది: గుడ్డు పెట్టడం, పొదగడం, పిల్లల్ని సాకడం, చివరికి కూర అవడం. మెరుగైన కోడి మొదటిదీ చివరిదీ ఎక్కువ చేసి, మధ్యలో రెండూ మానేసింది. మానేసిన ఆ రెండు పనులూ ఎవరో ఒకరు చెయ్యాలి. హేచరీలు, పిల్లలకి వెచ్చదనమిచ్చే బ్రూడరు బల్బులు, పిల్లల్ని కొన్ని వారాలు సాకి ఇచ్చే మదర్ యూనిట్లు, సబ్సిడీలు, అన్నీ ఆ ఖాళీ పూడ్చడానికి వచ్చినవే.

మాంసం, గుడ్డు ఒకే ఒంట్లో

రెండు ప్రయోజనాల కోడి అనగానే రెండూ పూర్తిగా వస్తాయనుకుంటాం. కోడి ఒంట్లో అది కుదరదు. తొందరగా కండ పట్టే గుణం, ఎక్కువ గుడ్లు పెట్టే గుణం ఒకదానికొకటి ఎదురు లాగుతాయి. అందుకే ప్రపంచమంతా బ్రాయిలర్, లేయర్ అని రెండు దారులు విడిపోయాయి. పెరటి కోడిలో ఈ రెంటి మధ్య రాజీ కుదిర్చారు.

ఈ రాజీ ఇంట్లో ఒక వింత రూపంలో కనిపిస్తుంది. వనరాజా పెట్టని బాగా చూసుకోవాలని రోజూ గిన్నెడు నూకలు, బ్రాయిలర్ దాణా పెట్టినవాళ్ల ఇంట్లో అది బొద్దుగా మూడు కిలోలు తూగి, గుడ్లు తగ్గించేస్తుంది. పొట్టలో కొవ్వు పేరుకుపోతుంది. పెరట్లో తిరిగి చెదలు, పురుగులు ఏరుకుని కాస్త ఒళ్లు బిగువుగా ఉన్న పెట్టే ఎక్కువ పెడుతుంది. ప్రేమ ఎక్కువైతే గుడ్లు తగ్గడం చాలామందిని తికమక పెట్టే సంగతి.

ఎర్రగుడ్డు గురించి కూడా ఒక మాట. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది, దాన్ని బట్టి లోపలి పోషకాలు మారవు. పచ్చసొన ముదురు రంగులో ఉండడానికి కారణం కోడి తిన్న ఆకుకూరలు, గడ్డి, మొక్కజొన్న. ఫారం గుడ్డు తెల్లది కాబట్టి బలం తక్కువ అనడం నిజం కాదు. రుచి, తాజాదనం వేరే సంగతి, వాటికి జనం ఎక్కువ ధర ఇస్తున్నారన్నది మాత్రం నిజం.

ఇంట్లో పుట్టిన పిల్ల తల్లిలా ఎందుకు ఉండదు

"సరే, వనరాజా గుడ్లు నాటుపెట్ట కింద పెట్టి పొదిగిద్దాం, పిల్లలు కొనక్కర్లేదు" అని ఎవరికైనా తోస్తుంది. పిల్లలు వస్తాయి. కానీ అవి వనరాజా కావు.

సంకరం బలమంతా మొదటి తరంలో ఉంటుంది. వేర్వేరు లైన్ల నుంచి వచ్చిన గుణాలు ఆ తరంలో ఒక ప్రత్యేకమైన కలయికగా కూడుతాయి. ఆ కోళ్లనే మళ్లీ జతకడితే ఆ కలయిక చెదిరిపోతుంది. పిల్లల్లో ఒకటి తాతని పోలి బరువు వైపు వెళ్తుంది, ఒకటి అమ్మమ్మని పోలి చిన్నగా ఉంటుంది. హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం దాచి మళ్లీ వేస్తే కంకులు ఎగుడుదిగుడుగా రావడం రైతుకి తెలిసిందే, ఇదీ అంతే. పైగా ఊళ్లో తిరిగే నాటుపుంజు జతకడితే పిల్లలో సగం నాటు గుణమే. అందుకే ఈ కోడి కావాలనుకున్న ఇల్లు కొన్నాళ్లకోసారి కొత్త పిల్లల్ని బయట నుంచి తెచ్చుకోవాల్సిందే. వనరాజాతో పాటు ఒక ఆధారపడడం కూడా ఇంటికి వస్తుంది.

మొదటి ఆరు వారాలు

నా లెక్కలో ఈ వ్యవహారమంతా నిలబడేదీ కూలేదీ ఇక్కడే.

గుడ్డులోంచి వచ్చే ముందు పిల్ల మిగిలిన పచ్చసొనని కడుపులోకి లాక్కుంటుంది. దాంతో రెండు మూడు రోజులు తిండి లేకపోయినా బతుకుతుంది. అట్టపెట్టెల్లో పిల్లలు ఎక్కడో హేచరీ నుంచి మన దాకా ప్రాణాలతో రావడానికి అదే కారణం. కానీ వెచ్చదనానికి అలాంటి దాపు లేదు. ఒంటి మీద నూగే తప్ప ఈక లేదు. ఈకలు నిండుగా వచ్చేదాకా, అంటే నాలుగైదు వారాలు, సొంత వేడి నిలుపుకోలేదు. తల్లి ఉంటే రెక్క కిందకి దూరుతుంది. తల్లి లేదు కాబట్టి బల్బు. మొదటి వారం పిల్లలున్న చోట 35 డిగ్రీల వేడి ఉండాలి, తర్వాత వారానికి సుమారు మూడు డిగ్రీల చొప్పున తగ్గుతూ పోతుంది. దీన్నే బ్రూడింగ్ అంటారు.

ఒక డిసెంబరులో నేనే పాతిక పిల్లల్ని తీసుకెళ్లి పెద్దమ్మ ఇంట్లో వదిలాను. వసారాలో నలుచదరపు అట్టపెట్టె, అడుగున ఊక, పైన పాత పేపర్లు, వంద వాట్ల బల్బు. రాత్రి పదింటి దాకా చూస్తూ కూర్చున్నాను. ఎంత ముచ్చటగా ఉన్నాయో. రెండింటికి కరెంటు పోయింది. నాకు మెలకువ రాలేదు. తెల్లారి చూస్తే పిల్లలన్నీ ఒక మూలకి చేరి, ఒకదాని మీద ఒకటి ఎక్కి కుప్పగా ఉన్నాయి. పైవి కిచకిచలాడుతున్నాయి. కుప్ప విడదీస్తే అడుగున ఏడు పిల్లలు అప్పడాల్లా అణిగిపోయి ఉన్నాయి. చలికి నేరుగా చచ్చిపోలేదు, వెచ్చదనం కోసం దూరిన తోటి పిల్లల బరువు కింద ఊపిరాడక పోయాయి. పెద్దమ్మ ఏమీ అనలేదు. ఆ ఏడింటినీ చేటలో వేసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

తర్వాత తెలిసింది, పెంచేవాళ్లు రేకుతోనో అట్టతోనో గుండ్రంగా కంచె ఎందుకు కడతారో. గుండ్రంలో మూల ఉండదు, కుప్ప పడే చోటు ఉండదు. పిల్లలు నిలబడిన తీరే థర్మామీటర్. బల్బు కిందే గుమిగూడితే చలి, దూరంగా వెళ్లి రొప్పుతుంటే వేడి, అంతటా పరుచుకుని తింటుంటే సరిపోయినట్టు.

ఈ దశలో ఊరు ఎక్కడుందన్నది చాలా తేడా తెస్తుంది. విశాఖ తీరంలో చలి కంటే తేమ శత్రువు. ఊక తడిసి ముద్ద కడుతుంది, అమ్మోనియా ఘాటు లేస్తుంది, తడి ఊకలో రక్త పారుడు తెచ్చే క్రిములు పెరుగుతాయి. అదే లంబసింగి వైపు వెళ్తే శీతాకాలం రాత్రి సున్నాకి దగ్గరగా పడిపోయే రోజులుంటాయి. భీమిలిలో సరిపోయిన బల్బు అక్కడ దీపం కింద లెక్క. ఇక తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక ఈ జిల్లాలో చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. నాటుపెట్ట రెక్క కింద ఉన్న పిల్లకి అది సమస్య కాదు.

ఈ ఆరు వారాల పనిని విడిగా ఒకరు చేసిపెట్టే చోటే మదర్ యూనిట్. అక్కడ రోజు పిల్లల్ని, అంటే ఒక్కరోజు వయసున్నవాటిని, పెంచి, టీకాలు వేసి, అరకిలో దాటాక ఇళ్లకి అమ్ముతారు. పిల్ల ఖరీదు ఎక్కువ అనిపిస్తుంది. నిజంగా ఎక్కువేనా? ధరలు ఊరికీ నెలకీ మారతాయి కాబట్టి లెక్క కోసం కొన్ని వేసుకుందాం.

రోజు పిల్ల 30 రూపాయలు, ఇరవై పిల్లలకి 600. ఆరు వారాల దాణా 1000. బల్బు, మందులు 200. మొత్తం 1800. మదర్ యూనిట్ పిల్ల 150 అనుకుందాం. ఇంట్లో పెంచినవాటిలో 18 బతికితే ఒక్కోటి వంద రూపాయలకి పడింది, లాభమే. 12 బతికితే సరిగ్గా 150, సమానం. పది దగ్గరే ఆగితే 180, నష్టం. దాణా ఖర్చు బతికినవాటిని బట్టి కాస్త తగ్గుతుంది కానీ తీరు ఇదే. కాబట్టి 30 రూపాయల పిల్ల చవకా కాదా అన్నది ఆ ఇంట్లో రాత్రి రెండింటికి లేచి చూసేవాళ్లు ఉన్నారా లేదా అన్నదాని మీద ఉంటుంది. ఉన్న ఇళ్లు నేను చూశాను, నూటికి తొంభై పైన బతికించారు.

పెరడు ఎన్ని కోళ్లని మేపుతుంది

"ఖర్చు లేకుండా పెరుగుతాయి" అన్న మాట పది కోళ్ల దాకా దాదాపు నిజం. నలభైకి అబద్ధం. ఎందుకో చూద్దాం.

ఎదిగిన పెట్టకి రోజుకి సుమారు 110 గ్రాముల మేత కావాలి. ఒక ఇంటి పెరడు, పెంటకుప్ప, కళ్లం, వంటింటి మిగులు కలిపి రోజుకి 900 గ్రాముల మేతకి సమానమైంది ఇస్తుందనుకుందాం. పదిహేను పెట్టలుంటే కావలసింది 1650 గ్రాములు. పెరడు పోగా 750 గ్రాములు మనం పెట్టాలి. కిలో 30 రూపాయల చొప్పున రోజుకి 22 రూపాయల 50 పైసలు. ఏడాదికి 105 గుడ్ల లెక్కన పదిహేను పెట్టలు రోజుకి సగటున నాలుగు చిల్లర గుడ్లు ఇస్తాయి. గుడ్డుకి మేత ఖర్చు ఐదు రూపాయల చిల్లర.

ఇప్పుడు నలభై పెట్టలు. కావలసింది 4400 గ్రాములు. పెరడు పెరగలేదు, ఇచ్చేది అదే 900. మిగతా మూడున్నర కిలోలు కొనాలి, రోజుకి 105 రూపాయలు. గుడ్లు పదకొండున్నర. గుడ్డుకి తొమ్మిది రూపాయలు. కోళ్లు మూడింతలు కూడా కాలేదు, మేత ఖర్చు నాలుగున్నర రెట్లు దాటింది. పెద్దమ్మ లాంటివాళ్లకి గుడ్డు పది, పన్నెండుకి అమ్ముడుపోతే మొదటి లెక్కలో ఇంట్లో పిల్లలు తినగా కూడా నాలుగు డబ్బులు మిగులుతాయి. రెండో లెక్కలో పని పెరిగి, మిగులు పలచబడుతుంది. ఇంట్లో పండిన నూకలు, తవుడు, చోళ్లు ఉన్న ఇల్లు ఇంకాస్త దూరం వెళ్లగలదు. పూర్తిగా దాణా కొని పెంచేచోట ఇది పెరటి పెంపకం కానే కాదు, చిన్న ఫారం. దాని లెక్కలు వేరు, ఫారం గుడ్డు ధరతో పోటీ పడాలి. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రే ముందుంది కాబట్టి ఆ పోటీ ఇక్కడ మరీ గట్టిది.

సీసాలో వంద డోసులు, ఇంట్లో పదిహేను కోళ్లు

పెరటి కోళ్లని ఊరికి ఊరు తుడిచిపెట్టేది ఎక్కువగా కొక్కెర తెగులు. పుస్తకాల్లో రాణీఖేత్ అంటారు, కుమావూ కొండల్లోని ఊరి పేరది. ఆకుపచ్చ విరేచనాలు, మెడ వంకర తిరగడం, రెండు మూడు రోజుల్లో గూడు ఖాళీ. వచ్చాక మందు లేదు, రాకుండా టీకా ఉంది. మొదటి వారంలో లసోటా అనే టీకా చుక్కలు, నాలుగో వారంలో మళ్లీ, రెండు నెలలప్పుడు సూది. మధ్యలో గంబోరో అనే ఇంకో కోళ్ల జబ్బుకి, మశూచికి టీకాలు.

టీకా ఖరీదు పెద్ద సమస్య కాదు. సీసా సమస్య. ఒక్కో సీసాలో వందో, రెండొందలో, ఇంకా ఎక్కువో డోసులు ఉంటాయి. చల్లగా తేవాలి. కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. పదిహేను కోళ్ల ఇంటికి వంద డోసుల సీసా ఎవరు తెస్తారు? అందుకే ఒక్క ఇల్లు తలపెడితే జరగని పని, వీధంతా ఒకే రోజు కోళ్లని గంపల కింద మూస్తే జరుగుతుంది. కొన్ని ఊళ్లలో డ్వాక్రా మహిళలే సూది వేయడం నేర్చుకుని కోడికింత అని తీసుకుంటున్నారు. నాటుకోడికి తెగులు రాదని ఒక నమ్మకం ఉంది. కొన్నిటికి తట్టుకునే శక్తి ఎక్కువే, కానీ కొక్కెర తెగులు నాటుకోడినీ వదలదు.

బర్డ్‌ఫ్లూ వేరు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో హెచ్5ఎన్1 అని తేలినప్పుడు ఇక్కడ విశాఖలో కూడా చికెన్ షాపుల ముందు జనం పలచబడ్డారు. బాగా ఉడికిన మాంసంలో, గుడ్డులో ఆ వైరస్ బతకదు. కానీ వ్యాధి బయటపడిన చోటు నుంచి కిలోమీటరు లోపు కోళ్లన్నిటినీ చంపి పూడ్చేస్తారు, పది కిలోమీటర్ల దాకా నిఘా ఉంటుంది. పెరటి కోడికి మినహాయింపు లేదు. ఫారం యజమానులు "చెరువు గట్ల మీద వలస పక్షులతో కలిసి తిరిగే పెరటి కోళ్లే ప్రమాదం" అంటారు. పెరటి కోళ్ల వైపు నిలబడేవాళ్లు "ఒకే షెడ్డులో వేల కోళ్లని కుక్కితే ఏ వైరస్ అయినా కార్చిచ్చులా పాకుతుంది" అంటారు. రెండు మాటల్లోనూ నిజముంది. బయట తిరిగే కోడికి సోకే అవకాశం ఎక్కువ, కిక్కిరిసిన చోట సోకితే నష్టం ఎక్కువ.

ఇరవై ఐదు లక్షల సబ్సిడీ ఎవరికి

ఈ మధ్య ఫోన్లలో తిరిగే వీడియోలు చూసి "నాటుకోళ్లు పెంచితే పాతిక లక్షలిస్తారట" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. జాతీయ పశుసంపద మిషన్‌ని 2021-22లో మార్చినప్పుడు గ్రామీణ కోళ్ల పథకం చేర్చారు. పెట్టుబడిలో 50 శాతం, గరిష్ఠంగా 25 లక్షలు. కానీ అది పెరట్లో కోళ్లు పెంచడానికి కాదు. కనీసం వెయ్యి పేరెంట్ కోళ్లు (పిల్లల కోసం గుడ్లు పెట్టేవి), గుడ్లు పొదిగించే హేచరీ, పిల్లల్ని పెంచే మదర్ యూనిట్, ఇవన్నీ కలిపి పెట్టేవాళ్లకి. మిగతా సగం సొంతంగానో బ్యాంకు అప్పుగానో తెచ్చుకోవాలి, సబ్సిడీ కూడా ఒక్కసారి కాకుండా రెండు విడతల్లో వస్తుంది.

ముందు చెప్పిన నాలుగు పనుల లెక్కతో చూస్తే ఈ పథకం తర్కం తేలిగ్గా అర్థమవుతుంది. వనరాజా మానేసిన పొదుగు, సాకుడు పనులకి ఊరి దగ్గర్లో ఒక తల్లిని తయారుచెయ్యడం. అలాంటిది మండలానికి ఒకటి ఉన్నచోట ఇళ్లు పిల్లల కోసం బండి అతని మీద ఆధారపడవు, ఏ కోడి కొంటున్నామో తెలిసి కొంటాయి.

రెండు వాదనలు, కొండ మీదా కిందా

మెరుగైన కోడి వైపు మాట్లాడేవాళ్ల మొదటి మాట పోషకాహారం. మనిషికి ఏడాదికి 180 గుడ్లు కావాలని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది, దేశ సగటు లభ్యత 2023-24లో 103. రాష్ట్రం గుడ్లలో ముందున్నా, లారీ వెళ్లని కొండ ఊరికి ఆ సగటు చేరదు. ఇంట్లో నాలుగు పెట్టలు రెట్టింపు గుడ్లు పెడితే పిల్లల కంచంలో తేడా కనిపిస్తుంది. డబ్బు కూడా ఆడవాళ్ల చేతిలోనే ఉంటుంది. ఈ మాటని నేను గట్టిగా నమ్ముతాను, మా పెద్దమ్మ పోపుడబ్బాలో గుడ్ల డబ్బులు చూశాను.

నాటుకోడి వైపు మాట్లాడేవాళ్ల మాటలోనూ బరువుంది. నాటుపెట్టకి బయట నుంచి ఏదీ రానక్కర్లేదు. కొండల్లో ఒక కోడిపెట్టని పక్కింటికి వాటాకి ఇవ్వడం పాత పద్ధతి. వాళ్లు సాకుతారు, పుట్టిన పిల్లల్ని చెరిసగం పంచుకుంటారు. చేతిలో పైసా లేని ఇల్లు కూడా అలా ఏడాదిలో నాలుగు కోళ్ల ఇల్లవుతుంది. పొదగని పెట్టతో ఆ వాటా నడవదు. రెండోది, ఊరి నిండా సంకరం పుంజులు తిరిగితే అసీల్ లాంటి జాతి మెల్లగా కలిసిపోయి కనబడకుండా పోతుంది. ఒకసారి పోతే మళ్లీ తయారుచేసుకోలేం. మూడోది ధర. సంక్రాంతికి, కనుమకి అసలు నాటుపుంజుకి ఇచ్చే రేటు రంగు సంకరానికి ఇవ్వరు, కాళ్లు, తురాయి చూసి కనిపెట్టేస్తారు.

ఈ రెండు వాదనలూ ఒకే ఇంటి గురించి మాట్లాడడం లేదనిపిస్తుంది నాకు. రోడ్డు పక్కన, కరెంటు నికరంగా ఉండి, పశువుల ఆసుపత్రి దగ్గరున్న ఆనందపురం ఇల్లు ఒకటి. కరెంటు పోతే రెండు రోజులు రాని, టీకా సీసా చేరేసరికి వేడెక్కిపోయే కొండ ఊరి ఇల్లు ఇంకొకటి. మొదటి ఇంట్లో వనరాజా మానేసిన పనులు చేసేవాళ్లు దొరుకుతారు. రెండో ఇంట్లో ఆ పనులు నాటుపెట్టే చేసుకోవాలి, లేదా మదర్ యూనిట్ కొండెక్కాలి.

రాత్రిపూట పెట్ట కిందకి

మధ్యేమార్గం ఒకటి చాలా ఊళ్లలో ఆడవాళ్లు చెప్పకుండానే కనిపెట్టుకున్నారు. పొదుగు మీదున్న నాటుపెట్ట కింద గుడ్లు పిల్లలయ్యే రోజుకి, బయట నుంచి రోజు పిల్లల్ని తెప్పిస్తారు. పట్టపగలు పెడితే పెట్ట పొడిచి తరిమేస్తుంది. చీకట్లో, అలికిడి లేకుండా, ఒక్కొక్కటీ రెక్క కిందకి తోస్తారు. తెల్లారేసరికి తనవే అనుకుంటుంది. పది, పన్నెండుకి మించితే రెక్క చాలదు, అంచున ఉన్నవి చలికి వణుకుతాయి. ఆ పెట్టకి ముందే టీకా పడి ఉండాలి, లేకపోతే దాని తెగులు పిల్లలకి అంటుతుంది. అన్ని పెట్టలూ ఒప్పుకోవు కూడా.

నా అట్టపెట్టె అనుభవం తర్వాత ఏడాది పెద్దమ్మ ఇదే చేసింది. తన నల్లపెట్ట కింద దాని పిల్లలు ఐదు ఉండగా, వనరాజా పిల్లలు ఆరు పెట్టింది. లాంతరు నన్ను పట్టుకోమంది, వత్తి తగ్గించమంది. పెట్ట ఒకసారి గుర్రుమంది, మెడ తిప్పి చూసింది, మళ్లీ రెక్కలు వదులు చేసి సర్దుకుంది. ఆరోది జేగురు రంగు పిల్ల, తోసిన చోట ఉండకుండా రెండుసార్లు బయటికి వచ్చేసింది. మూడోసారి పెద్దమ్మ అరచేతిలో కాసేపు వెచ్చబెట్టి పెట్టింది. ఈసారి రెక్క సందులోంచి ముక్కు మాత్రం కనబడింది. ఆ రాత్రి కూడా కరెంటు పోయింది.